బుల్లెమ్మ పురుడు

పదకొండేళ్లు కువైట్‌లో ఒకరింట్లో చాకిరీ చేసి వచ్చిన మనిషికి ఏం కావాలి? నాకైతే నిద్ర కావాలి. ఒకరి మూతి తుడవకుండా, ఒకరి గిన్నె కడగకుండా, పలివెలలో కాలువ గట్టు మీదున్న మా ఇంట్లో మధ్యాహ్నం పూట చాప పరుచుకుని పడుకోవాలి. విమానం దిగేటప్పుడు దేవుణ్ణి అదొక్కటే అడిగాను. దేవుడు నాకు గుర్రాన్నిచ్చాడు.

దేవుడి తప్పేం లేదులెండి. తెచ్చింది మా ఆయన మంగరాజు. ముప్ఫై ఏళ్లు కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసిన మనిషి, మోకాళ్లు అరిగి ఇక చెట్టెక్కలేక, పెళ్లి ఊరేగింపులకని ఒక తెల్ల గుర్రాన్ని కొని పెరట్లో పాక వేశాడు. ఆడగుర్రం. దానికి చచ్చిపోయిన తన తల్లి పేరు పెట్టుకున్నాడు, బుల్లెమ్మ అని. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నా మాట ఒక్కటీ వినలేదు. ఈ బుల్లెమ్మా అంతే.

ఇప్పుడు పెళ్లికొడుకును గుర్రమెక్కించి తిప్పితే చాలదు, గుర్రం ఆడాలి. డప్పులు మోగగానే ముందుకాళ్లు రెండూ పైకెత్తి నిలబడాలి, జనం ఫోన్లు పైకెత్తాలి. మా ఆయన దానికి ఏడాదిపాటు అదే నేర్పాడు. డప్పు మీద ఒక దెబ్బ, పగ్గం ఒక గుంజు, కాళ్లెత్తితే గుప్పెడు ఉడికించిన ఉలవలు. ఆఖరికి ఎంతదాకా వచ్చిందంటే, రెండు వీధుల అవతల డప్పు వినపడినా మా పెరట్లో బుల్లెమ్మ కాళ్లు గాల్లోకి లేచేవి. ఆయన మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్లు మండేది.

డిసెంబరులో అది ఆడనని మొరాయించింది. ఒళ్లు చేసింది, బద్ధకం పట్టుకుంది అని ఆయన తేల్చేశాడు. ఉలవలు తగ్గించి, జీను పట్టీ ఇంకో రంధ్రం బిగించి, పొద్దునా సాయంత్రం రెండు పూటలా ఆడించడం మొదలుపెట్టాడు. పొట్ట కరగాలట. ఒకరోజు ఆయన పైన కూర్చుని ఉండగా రోడ్డు మీద డప్పు మోగింది. బుల్లెమ్మ కాళ్లెత్తబోయి, సగంలో ఆగిపోయి, పక్కకు ఒరిగింది. నలభై అడుగుల చెట్టు మీంచి ఏనాడూ జారని మనిషి అయిదడుగుల గుర్రం మీంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు.

గుర్రానికి కూడా ఏమైనా తగిలిందేమోనని కొత్తపేట నుంచి పశువుల డాక్టరు సుప్రియగారిని పిలిపించాను. మా అమ్మాయి ఈడుదే ఉంటుంది. భుజం దాకా తొడుగు వేసుకుని పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ అడిగారు.

"మగగుర్రంతో ఎప్పుడు కలిపేరండీ?"

"మేమెక్కడ కలిపేమండీ! దానికి మేం పెళ్లి చెయ్యలేదు."

"మరెవరో చేసేసేరండి. ఏడు నెలలు దాటిన చూడి గుర్రం ఇది."

వసారాలో మంచం మీదున్న మా ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. నేను వేళ్లు మడిచి నెలలు వెనక్కి వెళ్లాను. మే నెలలో ఎక్కడో ఒక ఊరి తీర్థానికి పదకొండు గుర్రాలు వెళ్లాయి. అన్నిటినీ ఒకే తోటలో కట్టేసి, గుర్రాలవాళ్లందరూ కల్లు తాగి పడుకున్నారు. తెల్లారి చూస్తే బుల్లెమ్మ తాడు తెంపుకుని కూడా పారిపోకుండా తోటలోనే మేస్తోందని, ఎంత బుద్ధిమంతురాలో చూశావా అని, ఆయనే వచ్చి నాకు గొప్పగా చెప్పాడు.

"బుద్ధిమంతురాలు," అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సుప్రియగారు జాగ్రత్తలు చెప్పారు. జీను వెయ్యకూడదు, ఎవరినీ ఎక్కించకూడదు, రోజూ నెమ్మదిగా నడిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇక అది కాళ్లెత్తి నిలబడకూడదు. "ఈ బరువుతో వెనక్కి పడిందంటే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరండి," అన్నారు.

ఆ మాట నాకు చెబితే సరిపోయిందా? గుర్రానికెవరు చెబుతారు? ముందుంది మాఘమాసం. మా రోడ్డు మీద రోజుకో పెళ్లి, పెళ్లికో డప్పుల జట్టు. పాకకు చుట్టూ గోనెపట్టాలు కట్టాను. చెవుల్లో దూది పెట్టాను, విదిలించి పారేసింది. మొదటి ఊరేగింపు వెళ్లిన రోజున నేను దాని మెడకు వేలాడి, రెండు కాళ్లూ నేలకు ఆనకుండా ఊగాను. నలభై ఎనిమిదేళ్ల ఆడదాన్ని. కువైట్‌లో మేడంగారి ముసలితల్లిని ఎత్తి ఎత్తి అరిగిపోయిన నడుం నాది. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని, ఇందుకా నేను తిరిగొచ్చింది అని గట్టిగానే ఏడ్చాను.

"నేర్పింది మరిపించలేవే," అన్నాడు మా ఆయన మంచం మీంచి. "ఇంకోటి నేర్పితే అవుద్దేమో గానీ."

ఆ మూడు నెలల్లో ఆయన అన్న మాటల్లో పనికొచ్చింది అదొక్కటే. ఆలోచిస్తే నాకొకటి తట్టింది. తల కిందికి దించి ఉన్న గుర్రం కాళ్లు పైకెత్తలేదు. కాబట్టి చప్పుడు వినగానే తల దించడం నేర్పాలి. మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి గిన్నె తీసి, అడుగున గుప్పెడు ఉలవలు వేసి, గరిటెతో అంచు మీద మెల్లగా కొట్టేదాన్ని. టక్, టక్, టక్. మనిషి ఊపిరి తీసుకున్నంత నిదానంగా. తల దించితే తినొచ్చు, ఎత్తితే గిన్నె వెనక్కి. వారం రోజులు అదే. తర్వాత ఫోన్లో డప్పుల వీడియో పెట్టి, వినపడీ వినపడనట్టు సౌండు తగ్గించి, ఇటు గిన్నె వాయించేదాన్ని. రోజుకొక గీత సౌండు పెంచడం. కాళ్లెత్తిన రోజున మళ్లీ మొదటికి.

ఈ భాగోతమంతా మా అమ్మాయి సౌజన్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుండేది. దాన్ని రాయవరం ఇచ్చాం. అల్లుడు కిషోర్ మస్కట్‌లో ఉంటాడు. నాన్నను చూసుకోవడానికని మూడున్నరేళ్ల రమ్యశ్రీని తీసుకుని వచ్చింది. వాళ్ల నాన్నకు అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం, ఫిజియోథెరపీ చేయించడం అన్నీ తనే. నాతో మాత్రం ఉప్పెక్కడ, పప్పెక్కడ అన్న మాటలే. మనవరాలు కూడా నన్ను చూస్తే తల్లి కుచ్చిళ్లలో దూరిపోయేది.

"గుర్రానికైతే ఎంత ఓపికో," అంది ఒకరోజు, ఎవరితోనో అన్నట్టు.

విననట్టు గిన్నె వాయించాను. విన్నానని దానికీ తెలుసు.

దాని కోపం దేనికో చెబుతాను. మూడున్నరేళ్ల కిందట సౌజన్య పురుడుకి నేను రాలేదు. రాలేకపోయానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి రాలేదు. మా మేడం కూడా అదే నెలలో కవలల్ని కనడానికి సిద్ధంగా ఉంది. "నువ్వు లేకపోతే నాకు భయం వీరా," అని చెయ్యి పట్టుకుంది. వీరవేణి అని పూర్తిగా పలకడం ఆమెకు రాదు. సెలవు ఇవ్వననలేదు. నేనే ఉండిపోయాను. పై ఏడు పని ఉంటుందో ఊడుతుందో అన్న భయం ఒకటి. ఇక్కడ నా తోడికోడలు ఉంది కదా, ఎలాగో జరిగిపోతుందిలే అన్న ధైర్యం ఒకటి. అక్కడ ఇద్దరు పిల్లలకు నేను నీళ్లు పోశాను. ఇక్కడ నా కూతురు కన్న పిల్లను ఫోన్లో చూశాను.

మార్చి వచ్చేసరికి బుల్లెమ్మ మాట వినడం మొదలుపెట్టింది. ఒకరోజు నిజం ఊరేగింపే వెళ్లింది, పదిమంది డప్పులవాళ్లతో. నేను గిన్నె కొట్టాను. ఒళ్లంతా వణికింది గానీ తల దించింది. డప్పులు గట్టు దాటేదాకా ఎత్తలేదు. మా ఆయన మంచం మీంచి మెడ సాచి చూసి, "నేను ఏడాది చేసింది రెణ్ణెల్లలో చెరిపేసేవే," అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు.

నా పొగరంతా ఆ నెలాఖరుకి దిగిపోయింది. బుల్లెమ్మకు పది నెలలు నిండాయి. గుర్రాలు పదకొండు నెలలు మోస్తాయట. పొట్ట ఎటు చూసినా పొట్టే. పక్కింటి బంగారమ్మ వచ్చి, "చూడిది కదా, చలిమిడేవన్నా పెట్టేవా, కడుపు చలవమ్మా," అని నవ్వింది. ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఆ మాట దిగబడింది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటివాళ్లు చలిమిడి చేసి ఒళ్లో పెట్టాలి. నేను ఏ ఒళ్లోనూ పెట్టలేదు. మర్నాడు తడిబియ్యం దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యీ గసగసాలూ కొబ్బరి ముక్కలూ వేసి, పెద్ద బేసిన్‌ నిండా చలిమిడి చేశాను. అంత ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. ముద్దలు ముద్దలుగా చేత్తో పెట్టాను. బుల్లెమ్మ ఎంత ఇష్టంగా తిందో! చెయ్యి నాకింది, బేసిన్ నాకింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మూడు గంటలకల్లా అది నేల మీద పడి దొర్లుతోంది. లేస్తుంది, కాలితో నేల తవ్వుతుంది, తన పొట్ట వంక తనే చూసుకుంటుంది, మళ్లీ కూలబడుతుంది. ఒళ్లంతా చెమట. పరుగెత్తి డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

సుప్రియగారు బండి ఆపీ ఆపకుండానే దిగి, ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు, ఇంజెక్షన్ చేశారు. "ఏం పెట్టేరండీ?" అన్నారు. చెప్పాను.

"వీరవేణిగారూ, ఇది ఆవు కాదండి, నెమరేసుకోడానికి. వాంతి చేసుకుందామన్నా గుర్రం చేసుకోలేదు. పచ్చిపిండి, బెల్లం అంతంత పెడితే పేగు మెలిపడిపోద్దండి. ఇంక దీన్ని పడుకోనివ్వకుండా నడిపించండి. పేడ వేసిందంటే గండం గడిచినట్టే."

గట్టు మీద నడిపించాను. మొక్కజొన్న ఆరబోసిన టార్పాలిన్ల దాకా వెళ్లడం, వెనక్కి రావడం. పదిసార్లు తిరిగేసరికి నా మోకాలు పట్టేసింది. ఎవరో నా చేతిలో తాడు అందుకున్నారు. సౌజన్య. చంకలో పిల్లను బంగారమ్మకు ఇచ్చి వచ్చినట్టుంది. ఇద్దరం బుల్లెమ్మకు చెరోపక్క నడిచాం. కాసేపటికి అడిగింది.

"చలిమిడెందుకు చేసేవమ్మా?"

"కడుపుతో ఉంది కదా అని."

"నాకు మా అత్తగారు చేసేరు." బుల్లెమ్మ మెడ అవతలనుంచి దాని గొంతు ఒక్కటే వినపడుతోంది. "మీ పుట్టింటి నుంచి వచ్చిందమ్మా అని చెప్పి నలుగురి ముందూ ఒళ్లో పెట్టేరు. ఆవిడ వంటింట్లో దంచుతుంటే విన్నాను నేను. అక్కడున్న అందరూ వినే ఉంటారు. ఎవరూ మాట్లాడలేదు."

బుల్లెమ్మ జూలు పట్టుకుని నడిచాను.

"పురిటి గదిలో తలుపు తీసినప్పుడల్లా నువ్వే అనుకునేదాన్నమ్మా. నర్సు వచ్చినా నువ్వే అనుకున్నాను. రావని తెలుసు. తెలిసీ అనుకున్నాను."

"తప్పు చేసేను," అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట ఫోన్లో ఒక్కసారీ అనలేదు. ఎప్పుడూ టికెట్టు దొరకలేదనో, మేడం పంపలేదనో.

"ఆయ్," అంది సౌజన్య. అంతే. ఇద్దరం నడుస్తూనే ఉన్నాం. దీపాలు పెట్టే వేళకు బుల్లెమ్మ తోక ఎత్తి పేడ వేసింది. కూతురూ నేనూ ఆ పేడను చూసి ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. వెంటనే వదిలేశాం.

ఏప్రిల్‌లో దాళ్వా వరి కోతలు మొదలయ్యాయి. బుల్లెమ్మకు పొదుగు దిగింది. ఇక ఏ రోజైనా కావచ్చని సుప్రియగారు చెప్పారు. గుర్రాలు ఎవరూ లేనప్పుడే ఈనుతాయట, మనిషి కాపలా ఉంటే ఆపుకుంటాయట. అయినా కాపలా ఉండాలట, ఎందుకంటే మొదలయ్యాక అరగంటలో అయిపోతుంది, ఏదైనా అడ్డం తిరిగితే ఆ అరగంటలోనే చూసుకోవాలి. పిల్ల మొహం మీద పొర చిరక్కపోతే మనమే చింపాలని, ముక్కులు తుడవాలని నాకూ సౌజన్యకూ ఇద్దరికీ చూపించి వెళ్లారు.

ఈసారి నేను ఉండి తీరాలని పట్టు పట్టాను. పాక ముందు నులకమంచం వేసుకున్నాను. పన్నెండు రాత్రుళ్లు. ఆ పన్నెండు రాత్రుళ్లూ బుల్లెమ్మ నన్ను చూస్తూ గడ్డి నమిలింది, నేను దాన్ని చూస్తూ దోమల్ని కొట్టుకున్నాను. మా అత్తగారే మళ్లీ పుట్టిందని నాకు అనుమానం లేకుండా పోయింది. పగలు వంట, నీళ్లు, గడ్డి. నిలబడితే కళ్లు మూతలు పడేవి. అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయానొకసారి. సౌజన్య నేను చూసుకుంటానంటే, ఒద్దు, నేనే చూస్తానన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

పదమూడోరోజు మధ్యాహ్నం, ఎండ పెటపెటలాడుతుంటే, ఉలవల గిన్నె పక్కన పెట్టుకుని మంచం మీద అయిదు నిమిషాలు నడుం వాల్చాను. అయిదంటే అయిదు నిమిషాలు అనుకునే వాల్చాను.

లేచేసరికి ఎండ కొబ్బరి మట్టల్లోకి దిగిపోయింది. పక్కన గిన్నె లేదు. పాకలో సౌజన్య గడ్డి మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా తడి, జాకెట్టు మీద నెత్తురు. దాని ముందు గోధుమరంగు పిల్ల ఒకటి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడే ప్రయత్నంలో ఉంది. బుల్లెమ్మ దాన్ని నాకుతోంది. గుమ్మంలో కుర్చీ వేయించుకుని మా ఆయన, ఆయన ఒళ్లో రమ్యశ్రీ. అందరూ ఉన్నారు. నేనే లేను. పది గజాల దూరంలో పడుకుని లేను.

"లేపలేదేంటే?" అని అరిచాను. నా గొంతుకు గుర్రంపిల్ల బెదిరి కూలబడింది. "నన్ను లేపలేదేంటి!"

"లేపేనమ్మా," అంది సౌజన్య. "ఉమ్మనీరు పోగానే లేపేను. భుజం పట్టుకుని ఊపేను. కళ్లు తెరవకుండానే లేచి కూచుని, 'అయ్‌వా మేడం, వస్తున్నా మేడం' అన్నావు. కాళ్లతో చెప్పులు వెతుక్కున్నావు."

నాకేం గుర్తులేదు.

"చెప్పులు దొరకలేదు నీకు. భయపడిపోయేవు. వస్తున్నా, వస్తున్నా అంటున్నావు. ఎన్నిసార్లన్నావో." సౌజన్య మోచేత్తో మొహం తుడుచుకుంది. "నేనే పడుకోబెట్టేను. మేడం పిలవట్లేదు, పడుకో అమ్మా అన్నాను. అప్పుడు పడుకున్నావు."

మా ఆయన తల దించుకున్నాడు. నేను పాక రాటను పట్టుకుని నిలబడ్డాను.

"పొర చిరగలేదు. నేనే చింపేను," అంది మళ్లీ. "అంతకుముందు నొప్పులకి బుల్లెమ్మ ఒకటే లేవడం, పడుకోవడం. నీ గిన్నె తెచ్చి వాయించేను, నువ్వు వాయించినట్టే. తల దించి పడుకుంది." గడ్డి సర్దుతూ, "రోజూ వినీ వినీ నాకూ వచ్చేసింది," అంది.

వెళ్లి దాని పక్కన గడ్డిలో కూర్చున్నాను. పిల్ల నాలుగోసారి లేచింది, అయిదోసారి లేచింది, తల్లి కాళ్ల మధ్య తప్పుడు చోటల్లా వెతికి ఆఖరికి పాలు పట్టుకుంది. సుప్రియగారు వచ్చి, మాయ పడిందో లేదో చూసి, తల్లీ పిల్లా బాగున్నారని చెప్పి వెళ్లారు.

"అమ్మా," అంది సౌజన్య, ఆమె బండి వెళ్లిపోయాక. "చలిమిడి చెయ్యవా?"

"మళ్లీనా? డాక్టరమ్మ చంపేస్తుంది."

"దానికి కాదు. నాకు. అప్పటి బాకీ."

లేచి వెళ్లి బియ్యం నానబోసి వచ్చాను. వచ్చేసరికి సౌజన్య గడ్డికి చేరగిలబడి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. గట్టు మీద ఎవరిదో పెళ్లి, డప్పులు దగ్గరికొచ్చాయి. గిన్నె అందుకుని మెల్లగా వాయించాను. బుల్లెమ్మ తల దించింది. సౌజన్య కదల్లేదు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు మండుతున్నాయి. నేను మాత్రం మేలుకునే ఉన్నాను.